మచిలీపట్నం వెళ్లని రాజు

విజయనగరం ఏలిన పూసపాటి వారి చరిత్ర అనగానే అందరికీ గుర్తొచ్చేది బొబ్బిలి. 1757లో ఆ కోట కూలిన కథను జంగాలు పాడారు, బుర్రకథల వాళ్లు ఊరూరా చెప్పారు, సినిమా కూడా తీశారు. ఆ తర్వాత ముప్పయ్యేడేళ్లకు విజయనగరమే తన రాజును పోగొట్టుకుంది. ఆ కథకు మాత్రం అంత గొంతు దొరకలేదు. 1794 జూలై 10న చిన విజయరామరాజు పద్మనాభంలో ఈస్టిండియా కంపెనీ సిపాయిలకు ఎదురు నిలిచి ప్రాణం విడిచాడు. ప్రాణం దక్కించుకునే దారి లేకపోలేదు. నెలకు 1200 రూపాయల భత్యం పుచ్చుకుని మచిలీపట్నంలో ఉండమన్నారు. పేరుకు అది భత్యమే గాని నిజానికి చెర. ఆయన ఒప్పుకోలేదు.

మచిలీపట్నం అన్న మాట దగ్గర నాకు గుండె బరువెక్కుతుంది. ఆ పట్నం ఇంగ్లీషువారి చేతికి చిక్కడంలో విజయనగరం చెయ్యి ఉంది. బొబ్బిలి కూలాక కొన్నాళ్లు కూడా గడవకముందే దాన్ని కూల్చిన విజయనగరం రాజు పెద విజయరామరాజు తన గుడారంలోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. ఆయన తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజు అప్పటిదాకా తోడున్న ఫ్రెంచివారిని విడిచి కంపెనీ పక్షం చేరాడు. 1758లో చందుర్తి దగ్గర కల్నల్ ఫోర్డు గెలిచినప్పుడు, మరుసటేడు మచిలీపట్నం కోట పడినప్పుడు విజయనగరం బలగాలు ఆయన వెంట నడిచాయి. ఆ ఆనందరాజు గెలిపించి ఇచ్చిన ఊళ్లోనే ఆయన వారసుడు చిన విజయరామరాజును కాపలాలో ఉంచాలని ముప్పయ్యయిదేళ్లకు కంపెనీ తలపెట్టింది. చేసిన మేలుకు ఇంతకంటే కటువైన బదులు ఉంటుందా?

1760లో ఆనందరాజు మశూచితో పోయాడు. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి దత్తు తెచ్చి, విజయరామరాజని పేరు మార్చి గద్దె మీద కూర్చోబెట్టారు. గద్దె ఆయనదే గాని పెత్తనం సవతి అన్న సీతారామరాజుది. సీతారామరాజు సమర్థుడు, కఠినుడు. మద్రాసులో ఎవరిని ఎలా మచ్చిక చేసుకోవాలో, చుట్టుపక్కల జమీందారులను ఎలా వంచాలో తెలిసినవాడు. బొబ్బిలి వారసుడు చిన రంగారావు ఆయన చేతికి చిక్కి విజయనగరం కోటలోనే ఏళ్ల తరబడి బందీగా ఉన్నాడు. రాచపుట్టుక పుట్టినవాడు చెరలో ఎలా వాడిపోతాడో చిన విజయరామరాజు తన ఇంట్లోనే చూసి ఉంటాడు. మచిలీపట్నం అనగానే ఆ బొబ్బిలి బిడ్డ కళ్ల ముందు మెదిలాడేమోనని నాకనిపిస్తుంది.

1792లో టిప్పు సుల్తానుతో యుద్ధం ముగిసింది. మద్రాసు ప్రభుత్వం చూపు ఇటు తిరిగింది. కంపెనీకి కట్టాల్సిన కప్పం, అంటే పేష్కష్, బకాయిలు లక్షల్లో పేరుకుపోయాయని, కట్టమని ఒత్తిడి పెంచారు. రాజు దగ్గరున్న సైన్యం కూడా వాళ్లకు కంట్లో నలుసే. 1793లో సీతారామరాజును మద్రాసు పంపించేశారు. ఆగస్టులో కంపెనీ దళం విజయనగరం కోటలో దిగింది. జమీ జప్తయింది. తన కోటలో పరాయివాళ్ల పారా తిరుగుతుంటే ఆ రాజు దాదాపు ఏడాది ఎలా నెట్టుకొచ్చాడో!

ఊరు విడిచి వెళ్లమన్న గడువు మీద పడ్డాక బయల్దేరాడు, కానీ మచిలీపట్నం వైపు కాదు. విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమ పద్మనాభంలో మకాం వేశాడు. కొండపైన అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి. రాజు అక్కడ ఉన్నాడని తెలిసి రాచవారు, పాయకులనే కాలిబంట్లు వచ్చి చేరారు. నాలుగు వేల మంది దాకా పోగయ్యారంటారు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ వెంట వచ్చిన సిపాయిలు అంతమంది లేరు. కానీ వాళ్లవి కవాతు నేర్చిన వరుసలు, ఒక్క మాట మీద పేలే తుపాకులు. తెల్లవారుజామున మొదలైన పోరు గంటలోపే ముగిసింది. రాజు వైపు 309 మంది పడిపోయారు. కంపెనీ వైపు చనిపోయినవాళ్లు 13 మంది. పేరున్న రాచకుటుంబాల వాళ్లు రాజు చుట్టూనే ఒరిగిపోయారు. ఓడిపోతామని తెలిసి కూడా ఆయన్ను విడిచి కదలలేదు వాళ్లు. దీన్ని యుద్ధం అనడానికి నాకు నోరు రాదు. బాకీ వసూలుకు వచ్చి, బాకీదారుడి ప్రాణం తీసుకుపోయారు.

కొడుకు నారాయణబాబు అప్పటికి బాలుడు. ఆ పిల్లవాణ్ణి మక్కువ అనే ఊరి వైపు తీసుకుపోయి కొండదొరలు కాపాడారు. జప్తు చేసిన నేల మీద కంపెనీకి పాలన సాగలేదు. కొండల్లో అలజడి, పల్లెల్లో అలజడి. చివరకు ఆ బాలుడితోనే రాజీకి వచ్చి జమీ తిరిగి ఇచ్చారు, ఒకనాటి విస్తీర్ణం మాత్రం ఇవ్వలేదు. విజయనగరం కింద అణిగి ఉన్న పాత జమీందారులకు వాళ్ల తాలూకాలు వాళ్లకు దక్కాయి. అందులో బొబ్బిలి చిన రంగారావూ ఒకడు. 1802 శాశ్వత పైసలా నాటికి విజయనగరం జమీ 24 పరగణాలు, 1157 గ్రామాలు. ఏటా కట్టాల్సిన పేష్కష్ ఐదు లక్షలు. బాకీ కోసం తండ్రిని పోగొట్టుకున్న కొడుకును ఆ బాకీలు విడిచిపెట్టలేదు. 1827లో నారాయణబాబు జమీని కంపెనీకి అప్పగించి కాశీకి వెళ్లిపోయాడు. 1845లో అక్కడే కన్నుమూశాడు, అప్పులు మిగిల్చి.