పలుమార్లు తీసే లాటరీలో గెలుపు సంభావ్యత

ఒకే వ్యక్తి అనేక లాటరీలలో పాల్గొన్నపుడు కనీసం ఒక్కసారైనా గెలిచే అవకాశాన్ని సంభావ్యతా సిద్ధాంతం ద్వారా లెక్కించవచ్చును. గెలుపును నేరుగా లెక్కించుట కన్నా, అన్నిసార్లూ ఓడిపోయే సంభావ్యతను కనుగొని 1 నుండి తీసివేయుట సులభం. ఒక లాటరీలో గెలుపు సంభావ్యత స, లాటరీల సంఖ్య న అయితే, సూత్రం: 1 − (1 − స)^న. లాటరీలు పరస్పరం స్వతంత్రమైనవైతేనే ఇది వర్తిస్తుంది.

మద్యం దుకాణాల ఉదాహరణ

ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరు 14న 3,396 మద్యం దుకాణాలను జిల్లాలవారీగా లాటరీ తీసి కేటాయించారు. మొత్తం 89,882 దరఖాస్తులు వచ్చాయి. అనగా దుకాణానికి సగటున 26కు పైగా. ఒక్కొక్క దరఖాస్తుకు రుసుము 2 లక్షల రూపాయలు. ఓడినవారికి ఇది తిరిగి రాదు.

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలు రెండూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోనివే. అయినను ఆళ్లగడ్డ దుకాణానికి తీసిన చీటీ నంద్యాల దుకాణపు చీటీని ప్రభావితం చేయదు. ఒకచోట పోయింది కనుక మరొకచోట తప్పక తగులుతుందనే నమ్మకానికి గణితంలో ఆధారం లేదు.

ప్రతి దుకాణానికి 26 మంది పోటీదారులు ఉన్నారనుకుంటే, గెలుపు సంభావ్యత సగం దాటుటకు 18 దుకాణాలకు, అనగా 36 లక్షల రూపాయలతో, దరఖాస్తు చేయవలసి ఉంటుంది. ఇరవై ఆరింటికి వేస్తే ఒకటి ఖాయమని చాలామంది భావిస్తారు. నిజానికి 52 లక్షలు చెల్లించిన తరువాత కూడా ఒక్కటీ రాకపోయే సంభావ్యత (25/26)^26, అనగా సుమారు 36 శాతం.

చీటీలతో భేదం

ఇరవై మంది సభ్యులు, ఇరవై నెలల చీటీలో పరిస్థితి వేరు. (చిట్ ఫండ్స్ చట్టం, 1982 ప్రకారం పాటతో పాటు లాటరీ ద్వారా కూడా చీటీ ఎవరికో నిర్ణయించవచ్చును.) ఒకసారి వచ్చిన పేరును మళ్ళీ వేయరు. రెండవ నెలలో పేరు వచ్చే సంభావ్యత (19/20) × (1/19), అనగా మొదటి నెలలో వలెనే 1/20. ఇరవై నెలల మొత్తం సరిగ్గా 1. వచ్చిన పేరునే తిరిగి డబ్బాలో వేస్తే, అదే ఇరవై నెలలలో ఇది 64 శాతానికి పడిపోతుంది.

అనంతంగా ఆడినచో

స స్థిరమైన ధనసంఖ్య అయితే, ఎంత చిన్నదైనా, గెలుపు సంభావ్యత 1ని సమీపిస్తుంది. పోటీదారులు పెరుగుతూ పోతే అట్లు కాకపోవచ్చును. వారు 2, 3, 4, 5 చొప్పున పెరిగితే ఓటమి సంభావ్యత 1/2 × 2/3 × 3/4... సున్నాకు చేరును. 2, 4, 8, 16గా రెట్టింపైతే మాత్రం ఆ లబ్ధం సుమారు 0.289 వద్ద ఆగిపోతుంది. ఎన్నటికీ గెలవని అవకాశం దాదాపు 29 శాతం మిగిలే ఉంటుంది.