పట్టా, పద్యం, పైసా

మన ఇళ్ళల్లో పుస్తకాలకు కూడా ఆడ, మగ తేడా ఉంటుంది. ఎప్పుడైనా గమనించారా? నవలలు, వంటల పుస్తకాలు, వ్రతకథలు మనవైపు. రాజకీయం, వ్యాపారం, చరిత్ర, కవిత్వంలో మంచిచెడ్డలు తేల్చే విమర్శ, ఇవన్నీ మగవాళ్ళవైపు. ఎవరూ సుద్దముక్కతో గీత గీయలేదు. అయినా అలమారలో ఆ గీత ఉన్నట్లే ఉంటుంది. "అది నీకెందుకే, వట్టి తలనొప్పి పుస్తకం" అని ప్రేమగానే అంటారు. మనమూ నిజమే కాబోలు అనుకుని పేజీ తిప్పకుండానే దుమ్ము దులిపి పెట్టేస్తాం.

ఈమధ్య మా తోడికోడలు అడిగింది: "అక్కా, కథలు శానా చదివినా గానీ, కథ కాని పుస్తకం ఏదన్నా మంచిది చెప్పు. రాజకీయం ఏందో, యాపారం ఏందో కొంచెం తెలుసుకోవాలని ఉండాది."

ఆమెకు చెప్పిన జవాబే మీకూ చెబుతాను. కాకపోతే ఆ జవాబు వెనక కొంచెం పాత చరిత్ర ఉంది. అది మా పత్తికొండ నుంచే మొదలుపెట్టాలి.

1827 జూలై 6న ఒక గవర్నరు మా ఊళ్ళో చనిపోయాడు. ఆయన సర్ థామస్ మన్రో, స్కాట్లండు మనిషి. 1800లో నిజాం నవాబు ఈ ప్రాంతాన్ని కుంపిణీకి ఇచ్చివేసినప్పుడు ఈ దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చి, 1807 దాకా ఊరూరా డేరాలు వేసుకుని తిరిగాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. ఇక కొలువు చాలించి స్వదేశం పోదామనుకుంటూ, పోయేముందు ఈ సీమను మరొకసారి చూద్దామని బయలుదేరాడు. దారిలో కలరా తగిలింది. పత్తికొండలోనే ప్రాణం పోయింది. గుత్తిలో సమాధి చేసి, 1831లో అవశేషాలను మద్రాసుకు తీసుకుపోయారు. ఆయన జ్ఞాపకంగా ఇక్కడ తోపు వేశారు, మెట్లబావి కట్టారు. సీమ పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారంటే చూడండి!

పుస్తకాల సంగతి చెబుతానని ఈ దొరగారి కథేమిటంటారా? మీ ఇంట్లో బీరువాలో పట్టా కాగితం ఉందనుకోండి, దానికీ ఆయనకూ చుట్టరికం ఉంది. మధ్యలో జమీందారు లేకుండా సర్కారే నేరుగా రైతుతో లెక్క చూసుకునే రైతువారీ పద్ధతిని ఈ సీమలో పాతుకొల్పింది ఆయనే. అప్పట్లో శిస్తు భారం ఎక్కువగా ఉండేది. నాలుగోవంతు తగ్గించమని 1807లో వెళ్ళిపోతూ ఆయన రాసిన సిఫారసును పైవాళ్ళు పక్కన పెట్టారు. మళ్ళీ ఆయనే గవర్నరుగా వచ్చేదాకా అది అమలు కాలేదు. ఎక్కడో మద్రాసులో ఒక సంతకం పడితే, పడకపోతే, ఇక్కడ ఒక రైతు ఇంట్లో పొయ్యి మీద ఎసరు మారిపోయింది. రాజకీయమంటే అదే. దానికి వంటింటితో సంబంధం లేదని ఎలా అనగలం?

మన్రో గవర్నరుగా చేసిన పని ఇంకొకటి ఉంది. 1822లో, రాష్ట్రంలో బడులెన్ని, చదివే పిల్లలెందరు అని జిల్లా కలెక్టర్లను లెక్క అడిగాడు. మన ఆదోని అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కలెక్టరు క్యాంబెల్ 1823లో జవాబు పంపాడు. జిల్లా మొత్తానికి 533 బడులు. చదివే పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60 మంది.

తప్పు చదవలేదు. అక్షరాలా అరవై మంది. వందమందికి ఒక్క పిల్ల కూడా లెక్కకు రాదు. అరవై అన్న అంకె ఉన్నది గాని, వాళ్ళ పేర్లు లేవు. క్యాంబెల్ మరొక మాట కూడా రాశాడు. పిల్లలు పద్యాలు వల్లె వేస్తున్నారు గాని, వాటి అర్థం వాళ్ళకు తెలియడం లేదని. ఈ రెండు సంగతులూ కాస్త గుర్తుంచుకోండి. మళ్ళీ అవసరం పడతాయి.

బడికి పోని ఆడపిల్ల పుస్తకం రాస్తే ఎలా ఉంటుంది? 1874లో కృష్ణా జిల్లాలో పుట్టిన బండారు అచ్చమాంబగారు అటువంటి మనిషి. చిన్నతనంలోనే పెళ్ళి. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకున్నది. చరిత్రలో పేరున్న స్త్రీల జీవితాలన్నీ సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" అని రాసింది. 1901లో మొదటి భాగం అచ్చయింది. ఆడవాళ్ళు చదివితే చెడిపోతారని వాదించేవారికి ఆమె ఎదురు వాదించలేదు. ఇదిగో ఇంతమంది చదివారు, ఏలారు, రాశారు, చూడండి అని బతుకులను ముందు పెట్టింది. కథ కాని పుస్తకానికి ఉన్న బలం అది. 1905లో, ముప్పయి ఏళ్ళకే ఆమె పోయింది.

ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు. నాగపూరులో అక్కాబావల దగ్గర ఉండి చదువుకున్నవాడు. అక్క పోయిన మరుసటేడు, 1906లో, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు మొదలైన మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టాడు. చరిత్ర, శాస్త్రాలు, అర్థశాస్త్రం, గొప్పవారి జీవితాలు ఇంగ్లీషు రానివాళ్ళకు తెలుగులో అందాలన్నది వాళ్ళ పట్టుదల. ఆ రోజుల్లో అవే కొత్త పుస్తకాలు. మా తోడికోడలికి నేను చెప్పిన మూడింటిలో రెండు ఆ మండలివే.

మొదటిది రాజకీయం. మండలి 1907లో వేసిన తొలి పుస్తకమే "అబ్రహాం లింకను చరిత్ర". రాసినవారు మన కర్నూలులో పుట్టిన గాడిచర్లవారు. కట్టెల గుడిసెలో పుట్టినవాడు దేశాధ్యక్షుడు కావడం, బానిసలకు విడుదల ప్రకటించడం. ఇది పరాయి దేశం కథే. కాని తెల్లవాడి పాలనలో ఉన్న తెలుగువాడు దాన్ని చదివి ఏమనుకుని ఉంటాడో ఊహించండి. మరుసటేడు, 1908లో, "స్వరాజ్య" పత్రికలో రాసిన రాతకు గాడిచర్లవారికి మూడేళ్ళ కఠినశిక్ష పడింది. తరవాతి కాలంలో ఆయనే గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కయ్యారు. ఆయన భార్య రమాబాయిగారు సంపాదకురాలుగా ఆడవాళ్ళ కోసం "సౌందర్యవల్లి" అని పత్రిక కూడా నడిపారు. ఆ ఇంట్లో అలమారకు గీత లేదన్నమాట!

రెండోది సృజన. కట్టమంచి రామలింగారెడ్డిగారి "కవిత్వతత్త్వ విచారము", 1914 నాటిది. పింగళి సూరన కావ్యాలను ముందు పెట్టుకుని, అసలు కవిత్వమంటే ఏమిటని అడిగిన పుస్తకం. సూరన "కళాపూర్ణోదయం" మనకు పరాయిది కాదు, నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన కావ్యమే. పాత కావ్యం కదా అని కళ్ళకద్దుకుని ఊరుకోకుండా, కథ కుదురుగా అల్లుకున్నదా, పాత్రలు మనుషుల్లా ఉన్నాయా, ఈ వర్ణన ఇక్కడ అవసరమా అని రెడ్డిగారు నిలదీశారు. అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని క్యాంబెల్ రాసిన మాట గుర్తుందా? దానికి తొంభై ఏళ్ళ తరవాత వచ్చిన జవాబిది. భాష గ్రాంథికం, మొదట కొంచెం గట్టిగానే తగులుతుంది. రోజుకు రెండు పేజీలు చొప్పున చదవండి. నెల తిరిగేసరికి మనం చూసే సినిమా, చదివే సీరియలు కూడా వేరే కళ్ళతో చూస్తాం.

మూడోది వ్యాపారం. అది కూడా కట్టమంచివారిదే, మండలి వేసిన "అర్థశాస్త్రము". పేరు చూసి భయపడకండి. మా పత్తికొండ టమోటా మార్కెట్టు చూసినవాళ్ళకు సగం అర్థశాస్త్రం అప్పుడే వచ్చినట్టు. పంట అందరికీ ఒకేసారి కోతకు వస్తుంది. సరుకు రెండు రోజులు కూడా నిలవదు. గంపలు గంపలుగా వచ్చి పడితే ధర కూలిపోతుంది. కోతకూలి, బండి బాడుగ, కమీషను పోను రైతుకు మిగిలేదేమీ ఉండదు. అప్పుడు రోడ్డు మీద పారబోసి పోతారు. అదే నెలలో పట్నంలో మనవాళ్ళ అమ్మాయి కూరగాయల కొట్లో కిలోకు ఎంత ఇస్తున్నదో ఫోనులో చెబితే మనకు నోట మాట రాదు. ఈ రెండు ధరల మధ్య ఏం జరుగుతున్నదో తెలుసుకోవడమే అర్థశాస్త్రం.

ఆ మధ్యదూరాన్ని తగ్గించిన వాళ్ళు కూడా మన పక్కనే ఉన్నారు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు. విడివిడిగా ఉన్నప్పుడు నూలు అప్పుకు తెచ్చుకుని, బట్ట వచ్చిన ధరకు అమ్ముకోవలసిన నేతగాళ్ళు, సంఘంగా చేరితే నూలు టోకున కొనగలరు, బట్టకు ధర తామే చెప్పగలరు. సహకారంలో ఉన్న కిటుకు అంతే. కాని నేత ఇంట్లో కండెలు చుట్టేది ఎవరు? పడుగు దగ్గర సాయం నిలబడేది ఎవరు? ఇంటి ఆడవాళ్ళు. అయినా మగ్గం ఎవరిదంటే మగవాళ్ళ పేరే వస్తుంది. మన పనికి లెక్క ఎందుకు కట్టరని అడగాలన్నా, ముందు లెక్క తెలియాలి కదా.

ఇవన్నీ నూరేళ్ళనాటివి, కొత్తవి లేవా అంటారేమో. బోలెడు వస్తున్నాయి, వ్యాపారం మీద మరీను. నెల తిరిగేసరికి లక్షాధికారిని చేస్తామనే పుస్తకాన్ని చూస్తే, ఆ రాసినాయన లక్షాధికారి అయ్యాడో లేదో అని నాకు ముందు అనుమానం వస్తుంది. కొత్త పుస్తకం ఎంచుకునేటప్పుడు నేను మూడు సంగతులు చూస్తాను. చెప్పే లెక్క ఎక్కడిదో చెబుతున్నారా? తమకు నచ్చని వాదాన్ని కూడా సరిగ్గా వినిపిస్తున్నారా? చదివాక మా ఊరి సంగతి ఒకటైనా నాకు ఇదివరకటికన్నా బాగా అర్థమయిందా? మూడింటికీ అవునని వస్తే పక్కింటివాళ్ళకు కూడా ఇస్తాను. లేకపోతే తిరిగి ఇచ్చేస్తాను.

ఇంతకూ ఇదంతా తీరిక కాలక్షేపం కోసం కాదు. మా దూరపు బంధువు ఒకావిడకు పుట్టింటి పొలం ఉండేది. తండ్రి పోయాక అన్నదమ్ములు కాగితం తెచ్చారు. "ఏందో రిజిస్ట్రీ కాగితమంట, సంతకం పెట్టమన్నారు, పెట్టినా" అనింది నాతో. అది హక్కు విడుదల దస్తావేజు. వద్దనుకుని వదులుకుంటే అది ఆమె ఇష్టం. కాని ఏం వదులుతున్నదో ఆమెకు తెలియదు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ చేసిన చట్టం 1985 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. 2005లో దేశమంతటికీ చట్టం మారింది, పెళ్ళి అయిందా లేదా అన్న తేడా పోయింది. ఈ నాలుగు వాక్యాలు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏ నవలలోనూ ఆమెకు తగలలేదు. అవి ఉన్న పుస్తకాలు తలనొప్పి పుస్తకాలట!

మన్రో నాటి పట్టా కాగితం మీద ఎవరి పేరు ఉండాలో నిర్ణయించింది రాజకీయం. ఆ పొలంలో పండినదానికి ఎంత రావాలో నిర్ణయిస్తున్నది వ్యాపారం. ఆ కష్టాన్ని చెప్పుకోవడానికి మాట ఇస్తున్నది సృజన. ఈ మూడింటి మధ్యనే మన సంసారం నడుస్తుంటే, వాటి గురించి రాసిన పుస్తకాలు మాత్రం మనవి కావనుకోవడం ఏం న్యాయం?

డబ్బు ఖర్చని వెనకాడకండి. పైన చెప్పినలాంటి పాత పుస్తకాలు చాలావరకు ఇప్పుడు సెల్‌ఫోనులోనే ఊరికే చదువుకోవచ్చు, పిల్లల్ని అడిగితే తీసి చూపిస్తారు. కొత్తవాటికి మీ ఊరి శాఖా గ్రంథాలయం ఉంది. ఒకసారి ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయం సెస్సు అని ఒక వరస ఉంటుంది, పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. ఏటా మనం కట్టేదే. కట్టినందుకైనా లోపలికి వెళ్ళి, కావలసిన పుస్తకం పేరు చెప్పి అడగండి. లేదంటే తెప్పించమనండి.

ఆనాటి అరవైమంది అడగలేకపోయారు. మనం అడగగలం.