ఉప్పెనకు ముందు వార్త

తూర్పుతీరమున నివసించు ఆంధ్రులకు గాలివాన క్రొత్త చుట్టము గాదు. ఋతుపవనమునకు ముందు వేసవిలో నొకమాఱును, ఆశ్వయుజ కార్తికమాసములలో మఱియొకమాఱును బంగాళాఖాతము కలత చెందుచునే యుండును. సముద్రము గట్టు దాటి యూళ్లమీదికి వచ్చుటకు 'ఉప్పెన' యని మన భాషలో వేఱుగ నొక పేరు గలదు. ఆ యనుభవ మెంత పాతదో చదువరు లూహింపవచ్చును. అయినను ఉప్పెన తీసిన మఱునాడు శవములను దహించుచు మనవారు పలుకు మాట యొక్కటియే: "విధి. మన చేతిలో నేమున్నది?" ఇందు విధి భాగ మెంతయో, మనుష్యుని యేమఱుపాటు భాగ మెంతయో విడదీసి చూచుట మా యుద్దేశము.

మొదట నొక యపోహను తొలగింపవలెను. వాతావరణమును ముందుగా జెప్ప యత్నించుట దైవముతో బోటీపడుట యని మన పూర్వులు తలంపలేదు. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితయందు మేఘములు గర్భము దాల్చు లక్షణములను జెప్పి, గర్భము నిలిచిన 195 దినములకు వర్షము కలుగునని లెక్క కట్టెను. కురిసిన వానను ద్రోణాఢకములతో గొలుచు పద్ధతియు వివరించెను. ఆ లెక్క నేటి పరీక్షకు నిలువదు. కాని చూచుట, కొలుచుట, ముందుగా జెప్పుట యను మూడు పనులును మన శాస్త్రములకు నిషిద్ధములు గావని దానివలన స్పష్టమగుచున్నది. విధి యని చేతులు ముడుచుకొనుట శాస్త్రమువలన వచ్చినది గాదు, అలసటవలన వచ్చినది.

ఇక గాలివాన సంగతి. కలకత్తాలో ఓడల ప్రమాదములను విచారించు న్యాయస్థానమునకు అధ్యక్షుడుగా నుండిన హెన్రీ పిడింగ్టన్ అనునతడు మునుపు నావికుడు. ఆయన ఓడల దినచర్య పుస్తకములను ప్రోగుచేసి, ఏ యోడకు ఏ గంటలో ఏ దిక్కుగాలి వీచెనో పటముపై గుర్తించెను. గాలివాన యనగా తిన్నగా వీచు పెనుగాలి గాదనియు, ఒక కేంద్రము చుట్టును తిరుగు సుడి యనియు అట్టి పరిశీలనలచే స్థిరపడెను. చుట్టచుట్టుకొన్న పామును స్మరించి, గ్రీకుమాట నాధారముగా గొని, దానికి 'సైక్లోన్' అని 1848లో పేరుపెట్టినవా డాయనయే. 1789లోను 1839లోను మన కోరంగి రేవు ఉప్పెనల వాతబడినది. ఇట్టి వృత్తాంతముల నన్నిటిని పరిశీలించిన పిడింగ్టన్, 1853లో గవర్నరు జనరలు డల్హౌసీకి ఒక లేఖ వ్రాసెను. మాట్లా నదియొద్ద క్రొత్త రేవు కట్టదలచిన చోటు ఉప్పెనకు లోబడక తప్పదని యందలి సారము. లేఖ ప్రక్కన బెట్టబడినది; రేవు కట్టబడినది. 1867లో ఉప్పెన వచ్చి దానిని పాడుచేసెను. అప్పటికి పిడింగ్టన్ గతించి తొమ్మిదేండ్లయ్యెను. శాస్త్రము చెప్పినది, వినవలసినవారు వినరైరి. ఇచట విధి యెక్కడ నున్నదో మాకు గానరాదు.

1864వ సంవత్సరము మఱింత కఠినమైన గురువు. ఆ యేట అక్టోబరు 5వ తేదీన కలకత్తా ప్రాంతమున గాలివాన వచ్చి యేబదివేలకు పైగా జనమును బలిగొన్నది. నెల తిరుగకమునుపే, నవంబరు 1వ తేదీన, బందరుపై ఉప్పెన పడి సుమారు ముప్పదివేలమంది మృతినొందిరి. ఈ దెబ్బ తరువాతనే 1865లో కలకత్తా రేవున తుఫాను హెచ్చరికల యేర్పాటు జరిగెను. 1875లో హెన్రీ బ్లాన్‌ఫర్డు పెత్తనమున భారత వాతావరణ శాఖ వెలసెను. ఆ మఱుసటి యేడే, 1876లో, తూర్పుబంగాళమున బాకర్‌గంజి ఉప్పెన సుమారు లక్షమందిని ముంచగా, వెనువెంటనే కలరా మొదలగు రోగములు దాదాపు మఱియొక లక్షమందిని గొనిపోయెను.

ఆ కాలపు హెచ్చరికలు ముఖ్యముగా ఓడలకొఱకు పుట్టినవని చదువరులు గమనింపవలెను. తంతిమూలమున వార్త రేవునకు వచ్చును. రేవున స్తంభముపై సంకేత మెగురును. ఓడ లంగరు తీసి లోతునీటికి బోవును. రేవునకు రెండామడల దూరమున తాటాకు గుడిసెలో నున్న పల్లెకారికిని పాలికాపునకును ఆ సంకేతముతో నిమిత్తము లేదు. నేటికిని మనము వినుచున్న 'పదవ నంబరు ప్రమాద సూచిక' ఆ వరుసలోనిదే. అందు పదునొకండవ సూచిక యొకటి గలదు: హెచ్చరిక చేయు కేంద్రముతో సంబంధము తెగిపోయినదని దాని యర్థము. మన పల్లెలు మాత్రము బహుకాలము ఆ పదునొకండవ సూచిక క్రిందనే బ్రతికినవి.

గాలికంటె నీరే యెక్కువ ప్రాణములను దీయుటకు గారణము దెలిసికొనుట యావశ్యకము. సముద్రపునీరు సుమారు 26.5 డిగ్రీలకు మించి వెచ్చనై, ఆ వెచ్చదనము కొంత లోతువఱకు నుండి, పై గాలులు అనుకూలించినప్పుడు, లేచిన యావిరి మేఘమై తనలోని వేడిని విడిచి సుడికి బలమిచ్చును. మన గోళార్ధమున ఆ సుడి గడియారపు ముండ్లకు ఎదురుగా దిరుగును. కావున తుఫాను నడచు దారికి కుడిప్రక్కన గాలి నీటిని నేలమీదికి ద్రోయును. తీరమున సముద్రము లోతు తక్కువైనచో, ఆ నీరు వెనుకకు జాఱు దారి లేక గోడవలె లేచును. 1977 నవంబరు 19వ తేదీన తుఫాను కేంద్రము చీరాల యొద్ద తీరము దాటగా, కుడిప్రక్కన నున్న దివిసీమపై సుమారు అయిదు మీటర్ల ఉప్పెన విఱుచుకొనిపడినది. పదివేలమందికి తక్కువ గాకుండ గతించిరి.

మేము తరగతిలో ఈ విషయము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "మాస్టారూ, గాలి ఆగిపోతే ఇంటికి పోవచ్చు గదా?" యని యడిగెను. ప్రాణముతో గూడిన ప్రశ్న యది. సుడి నడుమ 'కన్ను' గలదు. అది పైనుండి పోవునపుడు గాలి హఠాత్తుగా నిలుచును, ఒక్కొకపుడు నక్షత్రములు గూడ గనబడును. తుఫాను వెడలినదని తలచి బయటికి వచ్చినవారిపై, కొంతసేపటికి వ్యతిరేకదిశనుండి మరల గాలి విఱుచుకొనిపడును. ఈ యొక్క సంగతి తెలియమిచే బోయిన ప్రాణము లెన్నియో!

1960లో మొదటి వాతావరణ ఉపగ్రహము మింటి కెక్కెను. అంతటితో సమస్య తీరెనా? 1970 నవంబరులో నాటి తూర్పు పాకిస్థానమున భోలా ఉప్పెన మూడులక్షలకు తక్కువగాని జనమును జంపినది. తుఫాను వచ్చుచున్నదని పైవారికి దెలియును. దీవులలోనివారికి దెలియదు, తెలిసినవారికిని పోవుటకు మెఱకచోటు లేదు. క్రొత్తగా వెలసిన బంగ్లాదేశము 1972లో గ్రామ గ్రామమున స్వచ్ఛందసేవకులను గూర్చి, జెండాలతోను చేతి బాకాలతోను ఇంటింటికి వార్త జేర్చు నేర్పాటు చేసెను. మెల్లమెల్లగా ఆశ్రయభవనములను గట్టెను. 1991లో అచట సుమారు 1,38,000 మంది మరణింపగా, 2007లో వచ్చిన పెనుతుఫానులో ఆ సంఖ్య కొన్నివేలకు మాత్రమే పరిమితమయ్యెను. మన వైపునను అంతే. 1990 మే నెలలో దివిసీమనాటి గాలికి దీసిపోని తుఫాను కృష్ణాతీరమును దాకగా మృతులు వేయికి లోపే. ఒరిస్సాలో 1999లో దాదాపు పదివేలమంది పోగా, 2013లో సుమారు పదిలక్షలమందిని ముందే తరలించుటచే మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను. సముద్రము మాఱలేదు, గాలి మాఱలేదు. మాఱినది మనుష్యుడే.

అట్లని శాస్త్రము సర్వజ్ఞ మనము. 2017 నవంబరు చివర కన్యాకుమారి దాపున వాయుగుండ మొకటి త్వరితగతిని తుఫానుగా మాఱగా, అప్పటికే చేపలవేటకై లోతునకు బోయిన బెస్తవారు పెక్కుమంది తిరిగి రాలేదు. తుఫాను బలియు వేగమును, అది దిశ తిరుగుటను చెప్పుటలో నేటికిని పొరపాట్లు గలవు. ఒకమాఱు హెచ్చరించి తుఫాను ప్రక్కకు దొలగినచో మనవారు నవ్వుదురు, రెండవమాఱు కదలరు. ఇది ప్రమాదకరమైన నవ్వు. వైద్యుడు రోగము రావచ్చునని చెప్పి, అది రాకపోయినచో మనము వైద్యుని నిందింతుమా?

తుఫాను రాజును పేదను సమముగ జూచునని కొందఱందురు. అది నిజము గాదు. మిద్దెలో నున్నవాడు తడియును; గుడిసెలో నున్నవాడు మునుగును. దివిసీమలో బోయినవారిలో పల్లెకారులు, కూలివారు నెందఱో! వారి పశువు పోయినచో బ్రతుకు పోవును గాన, తెలిసియు గుడిసె విడువలేరు. కావున వార్తయొక్కటి చాలదు. పోవుటకు దారి, నిలుచుటకు మెఱక, పశువునకు చోటు, తిరిగి వచ్చినపుడు గుప్పెడు గింజలు గావలెను. ఇవి వాతావరణశాస్త్రజ్ఞుడు ఇచ్చునవి గావు, సంఘ మీయవలసినవి.

తీరగ్రామములలో ఆశ్రయభవనములు పెక్కుచోట్ల పాఠశాలలుగను ఉపయోగపడుచున్నవి. ఉపాధ్యాయవృత్తిలోనుండు మా కిది యెంతయు నుచితముగ దోచుచున్నది. ఆ గోడల నడుమ నేడు పలక పట్టిన పిల్లవాడే రేపు తల్లిదండ్రులను చేయిపట్టి యక్కడికి దీసికొని రావలసినవాడు. వానికి నేర్పవలసిన దెక్కువ లేదు. గాలికి వీపుపెట్టి నిలిచినచో తుఫాను కేంద్రము ఎడమచేతివైపున నుండును. ఈ సూత్రమును డచ్చి పండితుడు బైస్ బాలట్ 1857లో ప్రకటించెను. గాలి నిలిచినను కన్ను దాటువఱకు బయటికి రారాదు. వార్త విన్నవాడు విననివాని తలుపు తట్టవలెను. ఈ మూడింటిని ఎక్కములవలె పిల్లలచే వల్లె వేయించినచో, రాబోవు ఉప్పెనకు విధి భాగము మిగిలినను మన యేమఱుపాటు భాగము మిగులదు.