ఉట్నూరు బూడిద దిబ్బ: దక్కనులో తొలి పశువుల మందల చరిత్ర

ఉట్నూరు బూడిద దిబ్బ పాత మహబూబ్‌నగర్ జిల్లాలో బయటపడిన కొత్తరాతియుగపు పశువుల దొడ్డి. ఆదిలాబాద్ ప్రాంతపు ఉట్నూరుతో దీనికి సంబంధం లేదు. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్రాంక్ రేమండ్ ఆల్చిన్ ఇక్కడ తవ్వకం జరిపారు. దక్షిణ భారతంలో అక్కడక్కడా కనిపించే బూడిద దిబ్బలు ఏమిటన్న ప్రశ్నపై అప్పటికి వందేళ్లకు పైగా వాదం నడుస్తోంది. ఈ తవ్వకంతో ఆ వాదానికి గట్టి ఆధారం దొరికింది. తవ్వకం నివేదికను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1961లో అచ్చువేసింది. 1963లో ఆల్చిన్ దక్షిణ భారత తొలి పశుపాలకుల మీద ఒక పూర్తి గ్రంథమే వెలువరించారు.

ఉట్నూరు ఉన్న ఈ నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమలో రాక్షసబల్లుల శిలాజాలు వెతికి లాభం లేదు. ఇక్కడి గుట్టలూ బండలూ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైసు రాళ్లు. భూగర్భంలో కరిగి గట్టిపడిన ఆ రాతిలో ఎముక నిలవదు. తెలంగాణకు రాక్షసబల్లులను ఇచ్చింది ప్రాణహిత–గోదావరి లోయలోని అవక్షేప శిలలు. యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలను బట్టి 1988లో పి. యాదగిరి కోటసారస్ అనే రాక్షసబల్లిని వర్ణించారు. దాని అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. దక్షిణాన తుంగభద్ర దాటితే కర్నూలు సున్నపురాతి గుహలు వస్తాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహల్లో తవ్వి, ఖడ్గమృగంతో సహా అనేక జంతువుల ఎముకలు వెలికితీశారు. ఈ రెండింటి నడుమ ఉన్న గ్రానైటు సీమ మాత్రం ప్రాచీన జంతువుల ఆనవాళ్లను రాతిలో దాచలేదు, పేడలో దాచింది. అందుకే ఉట్నూరు కథ విశేషమైనది.

రాక్షసుల బూడిద

కృష్ణ, తుంగభద్రల మధ్య సీమలోనూ బళ్లారి పరిసరాల్లోనూ ఈ దిబ్బలు ఎక్కువ. కొన్నిచోట్ల మెత్తటి తెల్ల బూడిద, కొన్నిచోట్ల గాజులా కరిగి బుడగలు కట్టిన నల్లటి గడ్డలు. పట్టి చూస్తే కొలిమి దగ్గర పారబోసిన ఇనుప చిట్టెమనే అనిపిస్తుంది. 1843లో కెప్టెన్ న్యూబోల్డ్ వీటి గురించి రాసినప్పుడు, అవి రాక్షసులను కాల్చిన బూడిద అని ఊళ్లవాళ్లు చెప్పుకునే మాటను కూడా నమోదు చేశాడు. బళ్లారి దగ్గరి కప్పగల్లు దిబ్బను భీముడు చంపిన హిడింబాసురుడికి ముడిపెట్టారు. చదువుకున్నవాళ్ల ఊహలూ దీనికి తీసిపోలేదు. అగ్నిపర్వతం కక్కిందని ఒకరు, లోహం కరిగించిన చోటని ఇంకొకరు అన్నారు. రాబర్ట్ సీవెల్ అయితే సామూహిక దహనాల దాకా వెళ్లాడు.

బ్రూస్ ఫూట్ ఒక్కడు వేరే దారి పట్టాడు. ఆ బూడిదను దగ్గరగా పరిశీలించి, ఇది పశువుల పేడ కాలి మిగిలినదేనని తేల్చాడు. చుట్టుపక్కల రాతి గొడ్డళ్లు, చేత్తో చేసిన కుండపెంకులు దొరకడం గమనించి, దిబ్బలను కొత్తరాతియుగానికి చేర్చాడు. చాలామందికి ఆ మాట ఎక్కలేదు. పేడ గాజుగా మారడం ఏమిటన్నది వాళ్ల సందేహం. 1960 ప్రాంతంలో ఫ్రెడరిక్ జ్యూనర్ చేసిన పరీక్షలతో ఆ సందేహం తీరింది. గడ్డిలో సిలికా ఉంటుంది. పశువు కడుపులో గడ్డి అరిగినా సిలికా అరగదు, పేడతో బయటకు వస్తుంది. పెద్ద కుప్పకు నిప్పంటుకుని రోజుల తరబడి రగిలితే లోపలి వేడి బాగా పెరుగుతుంది. పేడలోని క్షారాలు తోడై సిలికాను కరిగిస్తాయి. చల్లారాక గాజుగడ్డ మిగులుతుంది.

తాటి మొద్దుల దడి, గిట్టల గుర్తులు

ఆల్చిన్ అంతకుముందు 1952లో రాయచూరు ప్రాంతపు పిక్లిహాళ్‌లో తవ్వకం జరిపారు. ఈ సీమ మట్టి ఆయనకు కొత్త కాదు. ఉట్నూరులో పొర తర్వాత పొర తీస్తూ పోతే, బూడిద కింద వరుసగా గుంజలు పాతిన గుంటలు కనిపించాయి. లావుపాటి తాటి మొద్దులు నిలబెట్టి కట్టిన దడులవి. ఒక దడి లోపల ఇంకో దడి ఉంది. లోపలి ఆవరణలో పశువులు ఉండేవి. రెండు దడుల మధ్య జాగాలో కాపరుల పాకలు ఉండేవని ఆల్చిన్ భావించారు. దొడ్డిలో పేడ పేరుకుపోయేది, దాన్ని కాల్చేవారు. దడి కూడా కాలిపోయేది. అదే చోట మళ్లీ కొత్త దడి లేచేది. ఇలా పలుమార్లు జరిగింది.

ఒక పొరలో పశువుల గిట్టల గుర్తులు దొరికాయి. తడి నేలలో దిగిన గిట్ట, చీలిన రెండు కొనలతో సహా, అలాగే అచ్చుపడి ఉంది. వాటిపైన మళ్లీ బూడిద కమ్ముకోవడంతో చెక్కు చెదరలేదు. ఎముకలైతే మనుషులు తిన్న పశువుల సంగతి చెబుతాయి. ఈ గుర్తులు బతికి, తిరిగి, రాత్రికి దొడ్డికి చేరిన పశువులవి. నా దృష్టిలో దక్కను పురావస్తు చరిత్రలో ఇంతకన్నా విలువైన సాక్ష్యం అరుదు. ఇది పశువుల దొడ్డి కాదని వాదించే వీలు అక్కడితో పోయింది.

బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో చేసిన రేడియోకార్బన్ పరీక్ష ఉట్నూరు తొలి దశను క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్దిలో ఉంచింది. అంటే సింధు నగరాలు వెలుగుతున్న రోజుల్లోనే ఇక్కడి మెట్టభూముల్లో గోవుల మందలు తిరుగుతున్నాయి. ఈ మందలు మూపురపు జాతివి. 1994లో ప్రచురితమైన మైటోకాండ్రియా డీఎన్ఏ పరిశోధన, మూపురం ఉన్న పశువులనూ లేని పశువులనూ మనిషి వేర్వేరు చోట్ల మచ్చిక చేసుకున్నాడని చూపింది. మూపురపు జాతి మచ్చికకు తొలి ఆధారాలు బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో ఉన్నాయి. కప్పగల్లు రాళ్లపై తొలిచిన పొడవాటి కొమ్ముల ఎద్దుల బొమ్మల్లోనూ ఆ మూపురమే కనిపిస్తుంది.

ఎందుకు కాల్చారు?

పేడ విలువ తెలిసిన జనం దాన్ని కావాలని ఎందుకు తగలబెట్టారు? అసలు చిక్కు ఇక్కడే ఉంది. మహబూబ్‌నగర్ పల్లెల్లో నేటికీ గొల్ల కురుమలను పిలిచి చేలో గొర్ల మంద పెట్టించుకుంటారు. మంద పడుకున్న నేలకు ఎరువు దక్కుతుందని దానికి ప్రతిఫలం కూడా ఇస్తారు. ఆల్చిన్ ఈ మంటలను రుతువులు మారే వేళ చేసే పండుగ మంటలుగా చూశారు. పశువులను మేతకు దూరం తోలుకుపోయే ముందో, తిరిగివచ్చాకో దొడ్డిని కాల్చి ఉంటారన్నది ఆయన ఊహ. భోగి మంటలు ఎరిగిన మనకు ఆ ఊహ దగ్గరగా అనిపిస్తుంది. కానీ అన్ని వేల ఏళ్ల మధ్య నేరుగా గీత గీయడం కష్టం.

కర్ణాటకలోని బుదిహాళ్‌లో కె. పద్దయ్య జరిపిన తవ్వకాలు చిత్రాన్ని మార్చాయి. అక్కడ దొడ్డి పక్కనే ఇళ్లు, పశువులను కోసి మాంసం పంచుకున్న చోటు బయటపడ్డాయి. కాబట్టి ఇవి దేశదిమ్మరుల మజిలీలు కావనీ, కుదురుకున్న ఊళ్లనీ పద్దయ్య వాదించారు. 2004లో పీటర్ జోహాన్సెన్, ఈ దిబ్బలను జనం కావాలనే ఎత్తుగా పెంచిన స్మారకాలుగా చూడాలన్నారు. డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్ బృందం కొత్తరాతియుగపు దక్షిణాది గ్రామాల మట్టిని నీటిలో కడిగి మాడిన గింజలు ఏరింది. అందులో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ప్రధానం. ఆ జనం పశువులు కాయడంతో ఆగలేదు, వానాకాలపు పంటలూ వేసుకున్నారు. ఉట్నూరు ఈ మాటల్లో దేనికి ఎక్కువ సరిపోతుందో తేలాలంటే దిబ్బలు మిగలాలి. రైతులు ఈ బూడిదను ఎరువుగా చేలకు తోలుకోవడం పాత అలవాటే. బండి బూడిద పోతే దానితో పాటు ఒక పొర, ఆ పొరలోని గిట్టల గుర్తూ పోతాయి.

మంద తెలివి

పురావస్తు శాస్త్రం చాలాకాలం పశువును మాంసంగా, పాలుగా, బరువు లాగే బలంగానే లెక్కవేసింది. పశువుల మనసు మీద ఇటీవల వచ్చిన పరిశోధన ఈ లెక్కను సవరించమంటోంది. 2004లో కేంబ్రిడ్జిలో క్రిస్టిన్ హేగన్, డొనాల్డ్ బ్రూమ్ పడ్డలకు ఒక పని నేర్పారు. పలక నొక్కితే గేటు తెరుచుకుని మేత దొరుకుతుంది. కిటుకు అంతుబట్టిన వేళ వాటిలో హుషారు కనిపించింది. 2021లో జర్మనీ పరిశోధకులు 16 దూడలకు ఒక నిర్ణీత చోట మూత్రం పోయడం నేర్పబోతే, 11 దూడలు కొద్ది వారాల్లోనే పట్టేశాయి. అప్పటిదాకా పశువుకు ఆ అదుపు ఉండదనే అనుకునేవారు. పేడ పేరుకున్న దొడ్డి చరిత్ర రాసేవారు ఈ ఫలితాన్ని పక్కన పెట్టలేరు. 2026 జనవరిలో వియన్నా పరిశోధకులు ఆస్ట్రియాకు చెందిన వెరోనికా అనే ఆవు గురించి ప్రచురించారు. అది చీపురుకట్టను నోట కరిచి ఒళ్లు గోక్కుంటుంది. గట్టి చర్మమున్న వీపుకు కుచ్చు వైపు, మెత్తని పొదుగు, పొట్ట భాగాలకు కట్టె వైపు వాడుతుంది. ఆవు పనిముట్టు వాడిన సంగతి శాస్త్రంలో నమోదు కావడం అదే మొదలు.

ఈ ప్రయోగాలు ఉట్నూరు పశువుల మీద చేసినవి కావు. అయినా ఆ దొడ్డిని చూసే తీరు వీటితో మారుతుంది. ఎంత లావు మొద్దులైనా, పెద్ద మందను కేవలం దడి బలంతో రోజూ ఆపడం కుదరదు. పొద్దున విడిచిన పశువు సాయంత్రానికి దారి గుర్తుపట్టి రావాలి. కాపరి కేకను గుర్తించాలి, మందలో తన చోటు ఎరగాలి. దొడ్డిని కాల్చి మళ్లీ అక్కడే కట్టాక పశువులు మళ్లీ ఆ చోటికి అలవాటు పడాలి. ఈ అలవాటులో మనిషి నేర్పినదెంత, పశువు తనంతట నేర్చుకున్నదెంత అన్నది వేసుకోవలసిన ప్రశ్న.

దాన్ని బతికున్న మందల్లో గమనించే వీలు పాలమూరు అని పిలిచే ఈ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. అమ్రాబాద్ వైపు నల్లమల అడవిలో లంబాడీ కాపరులు పెంచే పొడ తూర్పు పశువులు పగలంతా అడవిలో మేస్తాయి. తెల్లటి ఒంటిపై గోధుమరంగు పొడలతో ఉండే ఈ జాతిని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఇటీవల ప్రత్యేక జాతిగా గుర్తించింది. కోడెలను కురుమూర్తి జాతరలో అమ్ముతారు. కరువునూ దూరపు నడకనూ తట్టుకునే ఈ పశువులు అడవిలో తోవ ఎలా పట్టుకుంటాయో, ముందు నడిచే ఆవును మిగతావి ఎలా అనుసరిస్తాయో కాపరులకు బాగా తెలుసు. ఉట్నూరు నివేదికను చదివే పరిశోధకులు వాళ్ల వెంట కొన్నాళ్లు నడిస్తే గిట్టల గుర్తుల మీద అడగవలసిన ప్రశ్నలు ఇంకా పదునెక్కుతాయి.