ఛానల్

ఛానల్ అనునది ఒక ఆంగ్ల పదము. నీరు, విద్యుత్ సంకేతము, సమాచారము మొదలైనవి సాగిపోవు మార్గమునకు ఈ పేరు వాడుతారు. రెల్లు కాడ అను అర్థము గల లాటిన్ మాట 'కన్నా' నుండి 'కనాలిస్', దాని నుండి కెనాల్, ఛానల్ అను రెండు పదములు పుట్టినవి. మనుషులు తవ్వినది కెనాల్. ఛానల్ సహజమైనది కావచ్చును, తవ్వినది కావచ్చును. ఈ భేదమును గమనించకపోవుట వలననే అనువాదములలో తరచు పొరపాట్లు జరుగుతుంటాయి.

నీటి మార్గములు

తెలుగులో ఈ ఒక్క పదమునకు సందర్భమును బట్టి అనేక మాటలు ఉన్నవి. సహజముగా పారునది వాగు, నది చీలినచో పాయ, తవ్వినది కాలువ, పొలములోనికి నీరు పారించునది బోదె. చెరువును నింపు ఫీడర్ ఛానల్‌ను తెలంగాణలో కట్టు కాలువ అంటారు.

సంగారెడ్డి జిల్లా జిన్నారం, పటాన్‌చెరు ప్రాంతములలో ఈ భేదమునకు ప్రత్యేక ప్రాధాన్యము ఉన్నది. పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి పారిశ్రామిక వాడలు నక్కవాగు పరీవాహక ప్రాంతములోనివి. ఇసుకవాగు నక్కవాగులోనికి, నక్కవాగు మంజీరలోనికి చేరుతాయి. పరిశ్రమల వ్యర్థజలము వలన ఈ వాగులు కలుషితమైనవని 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రమునకు అప్పట్లో సుమారు 90 ఔషధ పరిశ్రమల నుండి వ్యర్థజలము వచ్చేది. అది శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ ఉన్నట్లు 2007లో ప్రచురితమైన స్వీడన్ శాస్త్రజ్ఞుల పరిశోధన తెలిపినది. చికిత్స పొందు రోగి రక్తములో ఉండు మోతాదు కంటే ఇది ఎన్నో రెట్లు అధికము.

తరువాత ఈ నీటిని సుమారు 18 కి.మీ. గొట్టపు మార్గము ద్వారా నగర మురుగునీటి వ్యవస్థలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రమునకు పంపు ఏర్పాటు జరిగినది. అంబర్‌పేట నీరు చేరునది మూసీలో. అనగా గోదావరి పరీవాహకములోని వ్యర్థజలము కృష్ణా పరీవాహకములోనికి మళ్ళినది.

ఇటువంటి విషయములపై వ్రాయునపుడు నక్కవాగును 'మురుగు కాలువ' అని అనువదించుట తప్పు. అది మురుగు కొరకు తవ్వినది కాదు, మురుగు చేరిన వాగు.

సముద్రములో

రెండు భూభాగముల నడుమ ఉన్న వెడల్పైన సముద్ర భాగమును కూడా ఛానల్ అంటారు. ఇంగ్లాండు, ఫ్రాన్సుల మధ్య ఉన్నది ఇంగ్లీష్ ఛానల్. దాని అడుగున 50 కి.మీ. పొడవు గల రైలు సొరంగము 1994లో ప్రారంభమైనది. అండమాన్, నికోబార్ దీవులను వేరుచేయునది పది డిగ్రీల ఛానల్. పదవ అక్షాంశము దాని మీదుగా పోవుట వలన ఆ పేరు వచ్చినది. ఇరుకైన దానికి జలసంధి అను మాట సరిపోవును.

ప్రసారములు

ఒక ప్రసారమునకు కేటాయించిన పౌనఃపున్యముల పట్టీ ఛానల్. వాడుకలో ప్రసార సంస్థకే ఆ పేరు స్థిరపడినది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో మొదలైనది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చిన తరువాత ఈ మాట ఇంటింటి తెలుగు మాట అయినది.

జీవశాస్త్రము

కణపు పొరలో అయాన్లు, నీటి అణువులు దాటిపోవు ప్రోటీను ద్వారములు కూడా ఛానళ్ళే. వీటిపై పరిశోధనకు పీటర్ ఆగ్రే, రోడరిక్ మెకినన్‌లకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

ఇనుప ఛానల్

మూడు వైపుల అంచులు కలిగి ఒక వైపు తెరచి ఉండు ఉక్కు కమ్మీని ఛానల్ అంటారు. షెడ్లు, గేట్ల నిర్మాణములో వాడుతారు. దీనిలో ఏదీ ప్రవహించదు, ఆకారమును బట్టి మాత్రమే ఆ పేరు.