అచ్చు ఆలస్యమగుట ఏల?

పరీక్ష రేపు ఉదయము. ప్రశ్నపత్రము నేటి సాయంత్రమే కూర్చబడినది. తప్పులు దిద్దుటయు ముగిసినది. ఇక కాగితముమీదికి ఎక్కుటయే తరువాయి. ‘ప్రింటు’ అని ఆజ్ఞ ఇచ్చి అయిదు నిమిషములైనది, పది నిమిషములైనది. ప్రింటరు దీపము మిణుకుమిణుకుమనుచున్నదే గాని కాగితము కదలదు. ఉపాధ్యాయుడు గడియారమువంక చూచును. కంప్యూటరు నడుపు యువకుడు ప్రింటరువంక చూచును.

ఈ దృశ్యమునకు స్థలము చిలకలూరిపేట అనుకొందము. చెన్నై–కోల్‌కతా జాతీయరహదారిమీద, గుంటూరు ఒంగోలు పట్టణములకు నడుమనున్న ఈ ఊరు 2022 ఏప్రిల్ 4 నుండి పల్నాడు జిల్లాలో చేరినది. పత్తి, మిరప, పొగాకు వ్యాపారములు గల పట్టణము. ఇట్టి ఊరిలో డి.టి.పి. కేంద్రమునకు పని కరవు లేదు. పాఠశాలల ప్రశ్నపత్రములు, వ్యాపారుల రసీదు పుస్తకములు, పెండ్లి శుభలేఖలు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల కరపత్రములు అన్నియు అక్కడనే రూపు దిద్దుకొనును. మూడు నాలుగు కంప్యూటర్లు, వాటన్నిటికి కలిపి ఒక ప్రింటరు, నడుమ ఒక తీగ: ఇదియే అక్కడి సరంజామా.

అచ్చు ఆలస్యమైనప్పుడు లోకులు మొదట నిందించునది ప్రింటరునే. క్రొత్తది కొందురు. పలుమారులు ఆలస్యము తగ్గదు. ఏలననగా ఆలస్యము యంత్రములో గాక, అక్షరము యంత్రమునకు చేరు త్రోవలో ఉండవచ్చును. ఆ త్రోవ ఎట్లు ఏర్పడినదో తెలిసికొన్నచో దోషమెక్కడనో వెదకుట సులభమగును. కావున ముందుగా కొంత చరిత్ర చూతము.

సీసపు అక్షరములనాటి నిరీక్షణ

తెలుగు అచ్చు పుట్టినది తెలుగుదేశములో కాదు. 1746లో జర్మనీలోని హాలే పట్టణమున బెంజమిన్ షుల్జ్ అను క్రైస్తవ బోధకుడు తెలుగు పుస్తకములను అచ్చొత్తించెను. అది మొదలు రెండు శతాబ్దములకు పైగా తెలుగు పుటను నిలిపినది సీసపు అక్షరములే. కంపోజిటరు కేసులముందు నిలిచి, గళ్లనుండి ఒక్కొక్క అక్షరమును ఏరి, స్టిక్కులో పేర్చెడివాడు. ఆంగ్లమునకు చిన్న పెద్ద అక్షరములు, అంకెలు, గురుతులు కలిపినను నూటికి కొంచెము మించిన గళ్లు చాలును. తెలుగునకో, గుణింతములు, వత్తులు, సంయుక్తాక్షరములు కలిసి కొన్ని వందల దిమ్మలు కావలెను.

ఆనాడు ఆలస్యము కంటికి కనబడెడిది. కంపోజింగు సాగుచున్నదా, ప్రూఫు దిద్దుచున్నారా, ఫారము ట్రెడిల్‌మీదికి ఎక్కినదా అని గుమ్మములో నిలిచినవాడు సైతము చెప్పగలిగెడివాడు. నేటి పద్ధతిలో ఈ దశలన్నియు ఉన్నవి. కాని అవి పెట్టెలలోను తీగలలోను దాగియున్నవి. మన కష్టమంతయు అక్కడనే.

తీగకు పని కల్పించిన ప్రింటరు

1960 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని జెరాక్స్ సంస్థలో గ్యారీ స్టార్క్‌వెదర్ అను శాస్త్రజ్ఞునకు ఒక ఊహ తోచెను. నకలుతీయు యంత్రములో కాగితపు ప్రతిబింబమునకు మారుగా, లేజరు కిరణముతోనే చుక్కచుక్కగా బొమ్మ గీయరాదా అని. ఆయన 1971లో ఆ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమునకు మారి యంత్రమును సిద్ధపరచెను. అది అంగుళమునకు 500 చుక్కల చొప్పున, సెకనుకు ఒక పుట అచ్చొత్తగలది.

అచ్చటనే క్రొత్త చిక్కు పుట్టినది. ఎనిమిదిన్నర అంగుళముల వెడల్పు, పదకొండు అంగుళముల పొడవు గల పుటలో ఆ లెక్కన సుమారు 2 కోట్ల 34 లక్షల చుక్కలుండును. సెకనుకు 9,600 చుక్కలు మోయు తీగపై వీటిని పంపినచో ఒక్క పుటకు నలుబది నిమిషములు పట్టును. సెకనుకు ఒక పుట అచ్చువేయు యంత్రము నలుబది నిమిషములు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనన్నమాట!

1973లో అదే పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మున్నగువారు ఈథర్‌నెట్ అను వలను నిర్మింపసాగిరి. దాని వేగము సెకనుకు 29 లక్షల 40 వేల బిట్లు. అదే పుట ఇప్పుడు ఎనిమిది సెకనులలో చేరగలదు. నేడు ప్రపంచమంతట కార్యాలయములను కలుపుచున్న ఈథర్‌నెట్ పుట్టుటకుగల ముఖ్య కారణములలో ప్రింటరును పలువురు పంచుకొనవలసిన అవసరము ఒకటి. అనగా వలపై అచ్చు ఆలస్యమగుట క్రొత్త సమస్య కాదు, వలతోపాటు పుట్టినదే.

చుక్కలకు మారుగా వర్ణన

తీగను వెడల్పుచేయుట ఒక ఉపాయము. మోయవలసిన బరువును తగ్గించుట మరియొకటి. జెరాక్స్‌ను వీడిన జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో అడోబి సంస్థను స్థాపించి, పోస్ట్‌స్క్రిప్ట్ అను పుటవర్ణన భాషను తయారుచేసిరి. పుటలోని కోట్లాది చుక్కలను పంపుటకు మారుగా, “ఈ చోట ఈ పరిమాణములో ఈ అక్షరము” అని వర్ణన మాత్రము పంపుదురు. చుక్కలుగా మార్చు పని ప్రింటరులోని కంప్యూటరు చేసికొనును.

1985లో ఆపిల్ సంస్థవారి లేజర్‌రైటరు, ఆల్డస్ సంస్థవారి పేజిమేకరు వెలువడినవి. బల్లమీది ముద్రణ, అనగా డి.టి.పి., ఈ రెంటి కలయికతో ఆరంభమైనది. లేజర్‌రైటరు అంగుళమునకు 300 చుక్కలు వేయును. ఆ లెక్కన ఎ4 పుటకు సుమారు 87 లక్షల చుక్కలు. దాని తీగ వేగము సెకనుకు 2,30,400 బిట్లు. చుక్కలుగా పంపినచో 38 సెకనులు. పదివేల బైట్ల వర్ణనగా పంపినచో అర సెకనైనను పట్టదు. వర్ణన గొప్పతనము ఇది.

అయితే ఇందులో ఒక షరతు ఉన్నది. “ఈ అక్షరము” అన్నప్పుడు ఆ అక్షరము ఆకారము ప్రింటరునకు ముందే తెలిసియుండవలెను. తొలి లేజర్‌రైటరులో పదుమూడు ఫాంట్లు ఉండెను. అందు తెలుగు లేదు.

తెలుగు అక్షరముపై పడిన భారము

తెలుగు ఫాంటు ప్రింటరులో కాపురముండదు. ప్రతి పనితోను వెంట పయనించవలెను. ఒక్కొక్కప్పుడు ఆకారముల వర్ణనగా, మరియొకప్పుడు చుక్కల బొమ్మలుగా పంపవలసివచ్చును.

ఇంకొక చిక్కు కలదు. ఆనాటి ఫాంటులో 256కు మించి గళ్లు ఉండవు. కంపోజిటరు కేసులోని వందల దిమ్మలు వీటిలో ఎట్లిముడును? అక్షరమును ముక్కలుచేసిరి: తలకట్టు వేరు, కొమ్ము వేరు, వత్తు వేరు. అవియు చాలనిచో మరియొక ఫాంటు చేర్చిరి. అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో పేజిమేకరులో వేలాది తెలుగు పుస్తకములు ఈ విధముననే రూపొందినవి. అవి చేసిన మేలు సామాన్యమైనది కాదు. కాని మనకు ఒక అక్షరముగా కనబడు ‘స్త్రీ’, యంత్రమునకు కొన్ని ముక్కలు, కొన్ని స్థానములు. ఒకే పుటలో నాలుగైదు రకముల ఫాంట్లు వాడినచో అన్నిటి సరంజామా ఆ పుటతో కదలవలెను.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగునకు స్థానము దొరికినది. అక్షరమునకు సంకేతము వేరు, ఆకారము వేరు అను నియమము దానిచే స్థిరపడినది. పాత ఫాంట్లలో కూర్చిన పాఠమును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో అర్థములేని గురుతులు కనబడును. కావున పాత ప్రశ్నపత్రములను, గ్రామచరిత్రలను దాచుకొన్నవారు వాటిని యూనికోడ్‌లోనికి మార్చుకొనుట మంచిది. ఆలస్యముగా అచ్చగుట ఒక కష్టము. ఎన్నటికిని చదువరాకపోవుట అంతకు మించిన నష్టము.

ఒక చిన్న లెక్క

మరల మన చిలకలూరిపేట కేంద్రమునకు వత్తము. అచ్చటి తీగ వేగము సెకనుకు కోటి బిట్లు అనుకొందము. కరపత్రములో తపాలబిళ్లకంటె కొంచెము పెద్దదైన రంగుల ఫొటో ఒకటి ఉన్నది. అసలు ఫొటో 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు. దానిని అంగుళమునకు 600 చుక్కలతో స్కాను చేసిరి. 2,400 × 3,600 చుక్కలు, ఒక్కొక్కదానికి 3 బైట్లు. మొత్తము 2 కోట్ల 59 లక్షల బైట్లు. పుటలో దానిని లాగి ఒక అంగుళము వెడల్పునకు కుదించిరి. కంటికి చిన్నదైనది, బరువు మాత్రము తగ్గలేదు.

ఆ ఫొటో వేరొక కంప్యూటరులో ఉన్నచో, ముందుగా పుట కూర్చు కంప్యూటరునకు రావలెను: 21 సెకనులు. అచటినుండి ప్రింటరునకు పోవలెను. బైట్లను ఉన్నవి ఉన్నట్లు గాక ఆస్కీ పదునారు అంకెల లిపిలో పంపు ఏర్పాటున్నచో బరువు రెట్టింపగును: మరి 41 సెకనులు. ఒక్క బొమ్మకు మొత్తము 62 సెకనులు. తీగ ఎల్లప్పుడు పూర్తివేగముతో నడవదు గనుక నిజముగా పట్టు కాలము ఇంకను ఎక్కువ.

అదే బొమ్మను అచ్చగు పరిమాణమునకు, అంగుళమునకు 300 చుక్కలకు ముందే తగ్గించినచో? 300 × 450 × 3, అనగా 4 లక్షల 5 వేల బైట్లు. అరువదినాలుగవ వంతు! తీగపై మూడింట ఒక సెకను. కాగితముమీద కంటికి తేడా కానరాదు.

ఉపాధ్యాయులు గమనింపదగిన మరియొక లెక్క. నాలుగు పుటల ప్రశ్నపత్రము నూరు ప్రతులు కావలెను. ప్రతులను వరుసగా అమర్చి ఇమ్మని అడిగినచో, ప్రింటరునకు ఆ శక్తి లేనప్పుడు కంప్యూటరు నాలుగు పుటలను నూరు మార్లు పంపవచ్చును. అనగా నాలుగు వందల పుటల రవాణా. పుటకు నూరు ప్రతులు తీసి చేతితో జతచేసికొన్నచో నాలుగు పుటల రవాణా చాలును.

ఒక్కొక్కటిగా మార్చి చూచుట

దోషమును వెదకుటలో నియమము ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పు. ఫాంటు, తీగ, ప్రింటరు అన్నియు ఒకేసారి మార్చినచో ఆలస్యము తగ్గినను కారణము తెలియదు.

మొదట ఒక్క పంక్తిగల కాగితమును వేరొక సాధారణ సాఫ్ట్‌వేరునుండి అచ్చువేయవలెను. అది వెంటనే వచ్చినచో దోషము మన పత్రములో ఉండుటకే అవకాశమెక్కువ. అప్పుడు ఆ పత్రమునే బొమ్మలు వదలి అచ్చువేయవలెను. పేజిమేకరులో ఇందుకు వీలున్నది. వేగము వచ్చినచో దోషము బొమ్మలది. రానిచో ఫాంట్లను పరీక్షింపవలెను.

పిదప అచ్చును కాగితమునకు గాక ఫైలునకు పంపి చూడవలెను. ఫైలు తయారగుటకే చాలసేపు పట్టినచో కంప్యూటరు పనియే నెమ్మది. ఫైలు వెంటనే తయారైనచో దానిని వలమీదుగా వేరొక కంప్యూటరునకు నకలుచేసి కాలము లెక్కింపవలెను. సెకనుకు కోటి బిట్ల తీగ పన్నెండున్నర లక్షల బైట్లు మోయవలెను. అందులో పదవవంతైనను మోయనిచో దోషము తీగది.

తీగ దోషములలో ఒకటి మిక్కిలి మోసకరమైనది. ఒక కొన “ఇరువురమును ఒకేసారి మాటలాడవచ్చును” అనుకొనును. రెండవ కొన “ఒకరి తరువాత ఒకరు” అనుకొనును. చిన్న పలకరింపునకు జవాబు వెంటనే వచ్చును గనుక తీగ బాగున్నదనిపించును. పెద్ద మూట పంపినప్పుడు మాటలు ఢీకొని, పంపినదే మరల పంపవలసివచ్చును. రెండు కొనలను ఒకే ఏర్పాటునకు తెచ్చినచో నయమగును.

తీగయు బాగున్నచో ప్రింటరును కంప్యూటరునకు నేరుగా తగిలించి చూడవలెను. అప్పటికిని నెమ్మదియైనచో, ప్రింటరు జ్ఞాపకశక్తి చాలలేదనియో, దాని లెక్కించు శక్తి తక్కువనియో నిశ్చయింపవచ్చును. క్రొత్త యంత్రము కొనదగినది ఈ దశలోనే. అంతకు ముందు కాదు.

నేడు కార్యాలయములలో తీగల వేగము సెకనుకు పదికోట్లు, నూరుకోట్ల బిట్లకు పెరిగినది. కాబట్టి తీగవలని ఆలస్యము అరుదైనది. వర్ణనను చుక్కలుగా మార్చు ఆలస్యము మాత్రము మిగిలియున్నది. ఇరుకు తొలగలేదు, చోటు మారినది.

తెలిసికొను హక్కు

1980 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో రిచర్డ్ స్టాల్‌మన్ అను యువకునకు ఇట్టి నిరీక్షణయే ఎదురైనది. ప్రింటరు వేరొక అంతస్తులో ఉండెను. కాగితము ఇరుకుకొని ఆగినను, దూరమున కూర్చున్నవారికి తెలియదు. పాత ప్రింటరు విషయమున ఆయన, పని ముగిసినప్పుడును కాగితము ఇరుకుకొన్నప్పుడును వార్త అందునట్లు సాఫ్ట్‌వేరును మార్చియుండెను. జెరాక్స్‌నుండి వచ్చిన క్రొత్త ప్రింటరునకు మూలపాఠము ఈయలేదు. కావున మార్చ వీలుకాలేదు. ఈ అనుభవము ఆయన మనసును కలచినది. 1983లో ఆయన ప్రకటించిన గ్నూ ఉద్యమమునకు ఇది ఒక ప్రేరణ.

విద్యార్థులు దీనినుండి గ్రహింపవలసినది కలదు. నిరీక్షణకన్న బాధాకరమైనది, ఏల నిరీక్షించుచున్నామో తెలియకపోవుట. సీసపు అక్షరములనాడు పని కంటియెదుట జరిగెడిది. నేడు అది కనబడదు. అయినను గడియారము, కాగితము, పెన్సిలు చేతనున్నవానికి దానిని కొలుచుట అసాధ్యము కాదు. మీ పాఠశాల కార్యాలయములో ఈసారి అచ్చు ఆలస్యమైనప్పుడు యంత్రమును తట్టకుడు. ఒక పంక్తి అచ్చువేసి, ఎన్ని సెకనులు పట్టినదో వ్రాసికొనుడు. పరిశోధన అచటనే ఆరంభమగును.