మౌలాలి గుట్ట

మౌలాలి గుట్ట సికింద్రాబాదు రైల్వేస్టేషనుకు ఈశాన్య దిక్కున, మల్కాజిగిరి ప్రాంతంలో ఉన్న ఒక గ్రానైటు కొండ. సముద్రమట్టం నుండి దీని శిఖరం సుమారు 614 మీటర్ల ఎత్తున ఉన్నది. శిఖరంపై హజ్రత్ అలీ పేరిట వెలసిన దర్గా కలదు. దర్గాకు చేర్చే మెట్లు 480కి పైగా ఉన్నాయి. జంటనగరాలవాసులు శీతాకాలపు ఉదయాలలో నడకకు, కొండ ఎక్కడానికి ఎంచుకునే స్థలాలలో ఇది ఒకటి. పరిపాలనాపరంగా ఈ ప్రాంతం పూర్వం రంగారెడ్డి జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరింది.

చుట్టుపక్కల నేల కూడా దక్కను పీఠభూమిలో భాగంగా 500 మీటర్లకు పైగా ఎత్తున ఉండడం వలన, ఎక్కవలసిన ఎత్తు పై అంకె సూచించినంత లేదు. తెలంగాణ వాడుకలో దీనిని కొండ అనక గుట్ట అనడం సమంజసమే. ఆరోగ్యవంతులు అరగంటలో పైకి చేరవచ్చు.

పేరు, చరిత్ర

"మౌలా అలీ" అనే మాట వాడుకలో "మౌలాలి" అయింది. పారసీక రచనలలో దీనికి "కోహ్-ఎ-షరీఫ్", అనగా పవిత్ర పర్వతం అనే పేరు కూడా ఉన్నది. ఐతిహ్యం ప్రకారం కుతుబ్ షాహీల కొలువులో యాకూత్ అనే నపుంసక ఉద్యోగి ఉండేవాడు. ఆకుపచ్చని దుస్తులు ధరించిన ఒక వ్యక్తి కలలో కనిపించి, మౌలా అలీ నీ కొరకు ఎదురుచూస్తున్నాడని చెప్పి అతనిని వెంటబెట్టుకొని పోయాడు. కొండపై అలీ ఒక బండపై చేయి ఆనించి కూర్చొని ఉన్నాడు. మెలకువ వచ్చిన యాకూత్ గోల్కొండ నుండి బయలుదేరి ఆ గుట్టను వెదకి పట్టుకోగా, బండపై చేతి గుర్తు కనిపించినదట. ఇది 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో, హిజ్రీ పంచాంగపు రజబు నెల 17వ తేదీన జరిగినదని చెబుతారు. ఆ రాతిని తొలిపించి ప్రత్యేకంగా ప్రతిష్ఠించారు.

కుతుబ్ షాహీలు షియాలు. వారి తరువాత వచ్చిన ఆసఫ్ జాహీలు సున్నీలు అయినప్పటికీ ఈ క్షేత్రానికి ఆదరణ తగ్గలేదు సరికదా, రెండవ నిజాము అయిన నిజాం అలీ ఖాన్ కాలంలో (1762-1803) ఉరుసు రాజధాని అంతటికీ పండుగ అయింది. కొలువు కొలువంతా గుట్ట పాదానికి తరలివచ్చి గుడారాలలో విడిది చేసేది. హిందువులు కూడా ఇక్కడ మొక్కులు చెల్లించుకుంటారు. ఈ గుట్టకు ఎదురుగా కదం-ఎ-రసూల్ అనే మరొక గుట్ట ఉన్నది.

మహ్ లఖా బాయి

గుట్ట పాదం వద్ద తొలితరం ఉర్దూ కవయిత్రులలో ఒకరైన మహ్ లఖా బాయి చందా (1768-1824) సమాధి కలదు. ఈమె తల్లి రాజ్ కువర్ బాయి గర్భవతిగా ఉండి మౌలాలికి వస్తూ దారిలో అస్వస్థతకు గురైనదని, చిత్రకారుడు, చరిత్రకారుడు అయిన తజల్లీ అలీ షా దర్గా నుండి తెచ్చిన పవిత్రమైన దారం వలన గర్భం నిలిచినదని కథ ఉన్నది. ఈ గుట్టతో మహ్ లఖా బాయికి గల అనుబంధానికి ఈ కథే మూలమని చెబుతారు. 1792లో ఆమె తల్లికి ఇక్కడ సమాధి కట్టించి, తోట వేయించింది. తరువాత తాను కూడా తల్లి పక్కనే సమాధి అయింది. శిథిలావస్థకు చేరిన ఈ ప్రాంగణాన్ని 2010-11లో అమెరికా ప్రభుత్వ ఆర్థిక సహాయంతో పునరుద్ధరించారు. గుట్ట ఎక్కడానికి వచ్చేవారిలో చాలామంది దీనిని చూడకుండానే వెళ్ళిపోవడం విచారకరం.

శీతాకాలంలో గుట్ట ఎక్కడం

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఇందుకు తగిన కాలం. హైదరాబాదు ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలలలో కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల సెల్సియస్ సమీపంలో ఉంటుంది. నగరంలో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదయింది. మే నెలలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 39 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. అయితే గాలి ఉష్ణోగ్రత ఒక్కటే కారణం కాదు. నగ్నంగా ఉన్న గ్రానైటు పగలంతా ఎండను పీల్చుకొని, ప్రొద్దుక్రుంకిన తరువాత కూడా చాలాసేపు వేడిని విడుస్తూనే ఉంటుంది. అందువలన వేసవిలో సాయంత్రం కూడా గుట్టపై ఉపశమనం ఉండదు. వానాకాలంలో ఇబ్బంది వేరు. బండలపై నాచు పట్టి, వాన నీరు జారిన చారల వెంట కాలు నిలవదు. శీతాకాలంలో బండ పొడిగా ఉంటుంది, గరుకుగా ఉన్న గ్రానైటు పాదరక్షలను గట్టిగా పట్టుకుంటుంది. మెట్లు విడిచి బండలపై నడిచేవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

సూర్యోదయం చూడడానికి తెల్లవారుజామున ఎక్కడం అలవాటుగా ఉన్నది. కాని చలికాలంలో ఆ వేళ కనిపించేది తక్కువ. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండడంతో నేల త్వరగా చల్లబడి, దానిని ఆనుకొని ఉన్న గాలి పైపొర కంటె చల్లనిదై కదలక నిలిచిపోతుంది. నగరపు పొగ, ధూళి, మంచు ఆ పొరలోనే చిక్కుకుంటాయి. నేల వేడెక్కి ఆ పొర విడిపోయిన తరువాత, అనగా తొమ్మిది గంటల ప్రాంతంలో, రైలు పట్టాలు, మల్కాజిగిరి, నాచారం, కాప్రా వైపు ప్రాంతాలు తేటపడతాయి. దృశ్యం కొరకు వచ్చేవారు కొంత ఆలస్యంగా బయలుదేరడమే మేలు.

ఉరుసు చాంద్రమాన పంచాంగాన్ని అనుసరిస్తుంది. హిజ్రీ సంవత్సరం సౌర సంవత్సరం కంటె సుమారు 11 రోజులు తక్కువ కాబట్టి రజబు నెల దాదాపు 33 ఏళ్ళకు ఒకసారి ఋతువులన్నీ చుట్టి వస్తుంది. 2024, 2025, 2026 సంవత్సరాలలో రజబు 17 జనవరిలోనే వచ్చింది. 1990ల తొలి సంవత్సరాలలో కూడా ఇట్లే జరిగింది. రజబు 13 అలీ జన్మదినం. ఆనాటి నుండి 17 వరకు మెట్ల దారి యాత్రికులతో నిండి ఉంటుంది కాబట్టి, కేవలం నడక కొరకు వచ్చేవారు ఆ రోజులను విడిచిపెట్టడం మంచిది.

శిలలు, వాటి పరిరక్షణ

మౌలాలి గుట్ట బండలు హైదరాబాదు పరిసరాలలోని ఇతర గుట్టల వలెనే సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. భూగర్భంలో గడ్డకట్టిన గ్రానైటు, పైనున్న పొరలు అరిగిపోయిన తరువాత బయటపడి, పగుళ్ళ వెంట క్రమంగా గుండ్రబడింది. ఒకదానిపై ఒకటి ఎవరో పేర్చినట్లు కనిపించే గుండ్లు ఈ విధంగా ఏర్పడినవే. వాటిని ఎవరూ పేర్చలేదు, క్రింది నుండి మట్టి కొట్టుకుపోగా అవి నిలిచిపోయాయి.

ఈ రాయే నగర నిర్మాణానికి ముడిసరుకు కావడం గుట్టలకు శాపమైనది. జంటనగరాల చుట్టూ అనేక గుట్టలు కంకర కొరకు, ఇళ్ళ స్థలాల కొరకు పేల్చివేయబడ్డాయి. వీటిని కాపాడడానికి 1996లో ఏర్పడిన "సొసైటీ టు సేవ్ రాక్స్" అనే సంస్థ బండల నడుమ నడకలు ఏర్పాటు చేస్తూ వచ్చింది. కొన్ని శిలాస్వరూపాలు హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ (హుడా) వారసత్వ జాబితాలో చేరాయి. హుడా గుర్తించిన వారసత్వ ప్రదేశాలలో మౌలాలి దర్గా కూడా ఒకటి. ఆ జాబితాకు ఆధారమైన 13వ నిబంధన 2015లో రద్దయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కట్టడం కూలితే మరల కట్టవచ్చునేమో గాని, పేల్చిన బండ తిరిగి రాదు. అందుచేత గుట్టపై దర్గాతో పాటు గుట్ట కూడా వారసత్వమే అనే వాదనకు బలమున్నది.

సూచనలు

దర్గాలో ప్రవేశించే ముందు పాదరక్షలు విడవాలి, తల కప్పుకోవాలి. నీరు క్రింది నుండే తీసుకుపోవడం మంచిది. పెద్ద బండల క్రింద తేనెపట్టులు ఉన్నచోట పొగ పెట్టడం, కేకలు వేయడం ప్రమాదకరం. ఒంటరిగా బండల మీదుగా దిగడం కంటె మెట్ల దారినే దిగడం క్షేమం. దిగేటప్పుడే కాళ్ళు ఎక్కువగా తడబడతాయి.

చేరుకొనుట

సికింద్రాబాదు-కాజీపేట రైలు మార్గంలో మౌలాలి స్టేషను ఉన్నది. సనత్‌నగర్-మౌలాలి రెండవ లైను 2024 మార్చిలో ప్రారంభమైంది. సికింద్రాబాదు నుండి సిటీ బస్సులు కూడా కలవు. మౌలాలి కమాను ఇక్కడి వారందరికీ తెలిసిన గుర్తు.

ఇదే రైలు మార్గంలో ఘటకేసర్ దాటిన తరువాత భువనగిరి వస్తుంది. మౌలాలి మెట్లు చాలవనుకునేవారు అక్కడి ఏకశిల కొండకు వెళతారు. 2013లో అక్కడ శిలారోహణ శిక్షణ పాఠశాల ఏర్పడింది. 2014 మే 25న ఎవరెస్టును అధిరోహించిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్‌లు తొలి పాఠాలు నేర్చినది ఆ బండపైనే.